పడని గోడకు మూడు ఆధారాలు

ఒక్కరి మాట నమ్మి నిర్ణయాలు తీసుకునే అనాగరిక యుగం ముగిసిందని పురపాలక కార్యాలయం ప్రకటించింది. ఇకమీదట ఏ ఫిర్యాదునైనా కనీసం మూడు ఆధారాలతో సరిపోల్చి, అన్ని వైపుల నుంచీ చూశాకే కదులుతారు. (కదలడం తప్పనిసరి కాదు.) ఇందుకోసం ప్రత్యేకంగా ఒక పోలికల అధికారిని నియమించారు.

ఆయన ముందుకు మొదట వచ్చిన మనిషి టైలరమ్మ. ఆమె కొట్టుకు వెనక గోడ పురపాలక సంఘానిది. అది లోపలికి ఒరిగింది. దాని పక్కనే కుట్టుమిషను. ఆమె, తోడికోడలు వంతులేసుకుని తొక్కితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. మిషను జరుపుదామంటే ఆ కొట్లో మనిషి తిరగడానికే చోటు లేదు.

"ఇవాళో రేపో అన్నట్టుంది సార్ గోడ. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కుడుతున్నాం."

"అది మీ కోణం," అన్నాడు అధికారి, ఎంతో గౌరవంగా. "మిగతావీ చూద్దాం."

చూశాడు. గోడ పటిష్ఠంగా ఉందని యాప్‌లో ఉంది. నోటీసు బోర్డు మీదా అదే ఉంది. విచారణ కౌంటర్లో అమ్మాయీ అదే చెప్పింది. (యాప్‌ను బోర్డు చూసి నింపారు. బోర్డు మీద కౌంటర్లో చెప్పింది రాశారు. కౌంటర్ అమ్మాయి యాప్ చూసి చెబుతుంది.)

"మూడింటికీ అక్షరం తేడా లేదమ్మా," అన్నాడు అధికారి. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఎవరైనా వచ్చి గోడను చూశారా సార్?"

"చూస్తే అది మళ్ళీ ఒక్కరి కోణమే అవుతుంది కదా."

టైలరమ్మ తోడికోడలిని వెంటబెట్టుకొచ్చింది. ఒకే ఇంటివాళ్ళు కనుక ఇద్దరూ కలిసి ఒకే ఆధారం అన్నారు. తాపీమేస్త్రిని తీసుకొచ్చింది. పడితే కట్టే పని తనకే దొరుకుతుంది కనుక ఆయన మాట చెల్లదన్నారు.

గోడ ఎవరినీ సంప్రదించకుండా మధ్యాహ్నం భోజనాల వేళ కూలిపోయింది. మనుషులు బయట ఉన్నారు కాబట్టి బతికారు. మిషను నుజ్జునుజ్జయింది. తోడికోడలు ఇటుకల్లోంచి మిషను చక్రం తీసి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. టైలరమ్మకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. కొంగు దోపి ఇటుకలు మోసుకెళ్ళి వీధిలో పోయసాగింది.

ఈసారి అధికారి స్వయంగా వచ్చాడు. ఆ కుప్ప మీద నిలబడి ఫోన్ తీశాడు. "మూడు ఆధారాలూ నిలబడే ఉందంటున్నాయి. పడిందంటున్నది మీరొక్కరే."

"మీరు దేనిమీద నిలబడ్డారో చూసుకోండి సార్."

ఆయన కిందికి చూడబోయి, నిబంధన గుర్తొచ్చి ఆగిపోయాడు. (ఉద్యోగమంటే అంత నిష్ఠ.)

మర్నాడు టైలరమ్మకు నోటీసు వచ్చింది. నిక్షేపంలా నిలబడి ఉన్న పురపాలక గోడ నుంచి ఆమె ఇటుకలు ఊడబెరికి వీధిలో పోస్తోందని మూడు ఆధారాలు ధ్రువీకరించాయట.