మద్దిలేటిని చూడవచ్చిన వంతెన

ఆ నగరానికి చదువుకోడానికి వచ్చినవాళ్లు మొదటి పదిరోజులూ ఊరు చూడరు. ఊరే వచ్చి వాళ్లను చూసిపోతుంది. వీసా కాగితాల్లో ఏడో పేజీలో ఈ సంగతి స్పష్టంగానే రాసి ఉంది. మద్దిలేటి ఏడో పేజీ దాకా చదవలేదు, అంతే.

గది నాలుగో అంతస్తులో. కర్నూలు జిల్లా నుంచే రెండేళ్ల ముందు వచ్చిన ఓబులేసు అప్పటికే అందులో ఉంటున్నాడు. మొదటిరోజు పొద్దున పదకొండుకు తలుపు చప్పుడైతే, "నీకోసమేరా, పోయి కుర్చీలో కూర్చో," అన్నాడు. ఊరి నడిబొడ్డున ఉండే గడియార స్తంభం నడుం వంచి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. దాని వెనక వరండాలో గుర్రం మీది సేనాపతి విగ్రహం, ఆ వెనక రెండు పాత చర్చీలు వరసలో నిలబడ్డాయి. విదేశీయుల కార్యాలయంలో పనిచేసే ఒకామె రిజిస్టరుతో గోడవారగా స్టూలు వేసుకుని కూర్చుంది. మద్దిలేటి మెడలో 'ముట్టుకోరాదు' అన్న అట్ట తగిలించింది.

గడియార స్తంభం ఆమె ఇచ్చిన కరపత్రంలోని ఫొటోనూ మద్దిలేటినీ మార్చి మార్చి చూసింది. ఫొటోలో ఉన్నంత పొడుగు లేడని కొంచెం నొచ్చుకున్నట్టుంది. సేనాపతి గుర్రం దిగలేదు. చర్చీలు మనిషికన్నా ఆవకాయ సీసాను ఎక్కువసేపు చూశాయి.

"ఇదేంది ఓబులేసన్నా? నేను గదా సూడాల్సింది?"

"పెండ్లిచూపులకు కూర్చున్నట్ల గమ్మున కూర్చోరా. పదిదినాలు అయిపోతే కార్డిస్తారు. అది లేకుంటే క్లాసుకు పోనీరు, ఏటి గట్టుకూ పోనీరు."

ఏరు అనేసరికి మద్దిలేటి సర్దుకుని కూర్చున్నాడు. నాపరాయి గనుల ఊళ్లో పుట్టినవాడు. ఏడాది పొడుగునా నీళ్లుండే ఏరు ఎట్లుంటుందో వాడు చూసి ఎరుగడు. ఈ దేశం ఎంచుకోవడానికి కాలేజీ ఒక కారణమైతే, కాలేజీ పక్కనే పారే ఆ ఏరు రెండోది. ఏరు మాత్రం ఎవరినీ చూడ్డానికి రాదు. పారేవాటికి నిబంధనల్లో మినహాయింపు ఉంది.

"ఒక్కటి గుర్తు పెట్టుకో," అన్నాడు ఓబులేసు. "అవి పోయేటప్పుడు నోరెత్తొద్దు."

"మర్యాదకైనా ఒక మాట..."

"మర్యాద మనూర్లో. నేనైతే గోడదిక్కు తిరిగి పండుకున్నా. ఆయమ్మ ప్రతిదీ రాసుకుంటాది."

ఆరోరోజు ఊరి నుంచి సుంకులమ్మక్క ఫోన్ చేసింది.

"ఏమేం సూసినావురా?"

"గడియార స్తంభం, రెండు చర్చీలు, మ్యూజియం."

"తిరిగి తిరిగి కాళ్లు నొప్పి పుట్టినాయేమో!"

"నడుం నొప్పిక్కా."

"కూర్చున్నోని మాదిరి చెప్తావేందిరా," అని అక్క నవ్వింది.

తొమ్మిదిరోజులు మద్దిలేటి నోరెత్తలేదు. పదోరోజు వంతెన వంతు. ఆ రోజు రెండు నుంచి నాలుగు దాకా వంతెన ఉండదని పేపర్లో ప్రకటన వేశారు. ఆ గట్టున వాళ్లు ఆ గట్టున, ఈ గట్టున వాళ్లు ఈ గట్టున కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మూడొందల ఏళ్ల వంతెన. మెట్ల మలుపు మలుపునా ఒక మడత పడుతూ, ఆయాసపడుతూ నాలుగంతస్తులూ ఎక్కింది. దాని కాళ్లు తడిగా ఉన్నాయి. పాచి వాసన గదంతా నిండింది. ఒక చేపపిల్ల నేలమీద ఎగిరిపడుతుంటే ఉద్యోగిని దాన్ని కప్పులో వేసి, 'చేప, ఒకటి' అని రాసుకుంది.

మిగతావన్నీ వచ్చామంటే వచ్చామన్నట్టు చూసిపోయాయి. వంతెన అలా కాదు. మద్దిలేటి మడమల పగుళ్లు కూడా చూసింది. నాలుగు కావస్తుంటే వెళ్లడానికి లేచింది. అది నిలబడిన చోట నీళ్లు మడుగు కట్టాయి. మద్దిలేటి ఆ తడిలో కాలు పెట్టాడు. అంత ముసలిది అన్ని మెట్లెక్కి వచ్చి, ఊరికే వెళ్లిపోతోంది.

"మళ్లీ రండి," అన్నాడు.

ఉల్లిగడ్డలు కోస్తున్న ఓబులేసు కత్తి ఆగింది. "అనేస్తివా!"

ఉద్యోగిని భాషల పుస్తకంలో తెలుగు తీసి సరిచూసుకుంది. 'ఆహ్వానం: ఒకటి. గడువు: లేదు' అని రాసింది.

మర్నాడు కార్డు కోసం వెళితే, "మీ సందర్శన ముగియలేదు. మీరే పిలిచారు కదా," అంది ఉద్యోగిని.

"అది మాటవరసకు అన్నదండీ. ఎవరు పోతున్నా అంటాం."

"రాకూడదనుకున్న వాళ్లతో కూడానా?"

"వాళ్లతో ఇంకా గట్టిగా అంటాం."

ఆమె దాన్నీ రాసుకుంది. పిలుపు రద్దు కావాలంటే దారి ఉందని చెప్పింది. వంతెన మళ్లీ వచ్చినప్పుడు, ఇక మళ్లీ రావొద్దని దాని ఎదురుగా మద్దిలేటే చెప్పాలి. మూడు మాటలు చాలు.

వారానికి వంతెన వచ్చింది. మద్దిలేటి ఆ మూడు మాటలూ రాత్రంతా బట్టీపట్టాడు. గుమ్మంలో ఆయాసపడుతున్న దాన్ని చూసి నోరు తెరిచాడు.

"కాఫీ తాగుతారా?" అన్నాడు.

ఓబులేసు తల కొట్టుకున్నాడు. ఉద్యోగిని కొత్త పేజీ తిప్పింది.

అలా మద్దిలేటి నలభై ఆరో శాశ్వత దర్శనీయమయ్యాడు. పది నుంచి ఐదు దాకా తెరిచి ఉంటాడు, సోమవారం సెలవు. వేళల్లో కదలకూడదు, వేళ దాటాక గది దాటకూడదు. దర్శనీయాలకు వీసాతో పని లేదు కాబట్టి దాన్ని కార్యాలయమే తీసి దాచింది. ఒక శుక్రవారం ప్రొఫెసర్ క్లాసునంతా వెంటబెట్టుకొచ్చి చూపించాడు. పిల్లలు నోట్సు రాసుకున్నారు. మద్దిలేటి పాసయ్యాడని తర్వాత కాగితం వచ్చింది. "మా తమ్ముడు ఆడనే సెటిలైనాడు," అని సుంకులమ్మక్క అందరికీ చెబుతోంది. అందులో అబద్ధమేమీ లేదు.

వేరే ఊళ్లో ఉద్యోగం దొరికి ఓబులేసు పెట్టె సర్దుకున్నాడు. "మళ్లీ రా అన్నా," అన్నాడు మద్దిలేటి. ఓబులేసు గోడదిక్కు చూస్తూ మెట్లు దిగాడు. రాలేదు.

ఆగస్టులో కొత్త పిల్లలు దిగారు. శాశ్వత దర్శనీయాలు వెళ్లి వాళ్లను చూసి రావాలి. మద్దిలేటి వరసలో వంతెన వెనక నిలబడ్డాడు. వంతెన పని మీద ఉంది గనక ఏటి రోడ్డు మూసేశారు. సందుల్లోంచి తీసుకెళ్లారు. వంతెన కాళ్ల తడి మీదే అడుగులేసుకుంటూ వెళ్లాడు.

ఒక గదిలో కుర్చీలో ఎమ్మిగనూరు పిల్ల ఉరుకుందమ్మ కూర్చుని ఉంది. మెడలో అట్ట. బిత్తరచూపులు చూస్తున్న ఆమె ముఖం మద్దిలేటిని చూసి వికసించింది.

"అన్నా, తెలుగోళ్లేనా? మీది యావూరు?"

చూడవచ్చినవాళ్లు మాట్లాడరాదు. మద్దిలేటి కరపత్రం చూశాడు, ఆమెను చూశాడు. ఫొటోలో ఉన్నంత పొడుగు లేదు. వేళైంది. అతను వెనుదిరుగుతుంటే పిల్ల కుర్చీలోంచి లేచింది. ఆమె ఏమంటుందో అతనికి తెలుసు. వద్దని తల అడ్డంగా ఊపొచ్చు. తల ఊపరాదన్న నిబంధన ఎక్కడా లేదు.

"మళ్లీ రా అన్నా," అంది ఉరుకుందమ్మ.

ఊరు విడిచాక ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. ఉద్యోగిని ఈసారి భాషల పుస్తకం తెరవకుండానే రాసుకుంది. మద్దిలేటి గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, వస్తానన్నట్టు తలూపాడు.