ఓటమి రాత్రి అధ్యక్షులవారి భోజనం

మన ఫుట్‌బాల్ క్లబ్బు నాలుగు గోల్స్ తేడాతో చిత్తుగా ఓడిన ఆదివారం రాత్రి, అభిమాన సంఘం అధ్యక్షులవారు కడుపునిండా భోంచేసి, హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయారని తెలియజేయడానికి ఎంతో చింతిస్తున్నాం.

అధ్యక్షులవారు వృత్తిరీత్యా దర్జీ. ఆయన భక్తిని శంకించినవాడు ఇంతవరకు లేడు. వయసులో ఉండగా, క్లబ్బు ఓడిందన్న దుఃఖంలో ఒక పెళ్లికొడుకు కోటుకు రెండు చేతులూ ఎడమవే కుట్టి, "మన గోల్‌కీపర్ గతి చూశాక కూడా నీకు కుడిచెయ్యి కావాలిటయ్యా?" అని గదమాయించారు. పెళ్లికొడుకూ మనవాడే గనక సిగ్గుపడి, ఆ కోటుతోనే పెళ్లి చేసుకున్నాడు. ఆడపిల్ల పుట్టిందని నర్సు చెబితే ఆయన, "సంతోషం, స్కోరెంత?" అన్నారు. ఆ మాటకు ఆయన భార్య ఇప్పటికీ దెప్పుతూనే ఉంది.

తర్వాత్తర్వాత సంఘం ఎంతో పురోగమించింది. నిలబడి చూసేవాళ్లు కుర్చీలకు, కుర్చీల్లోంచి దిళ్లకు ఎదిగారు. అరుపులు గొంతుకు మంచివి కావని చప్పట్లకు మారారు. చప్పట్లకు మోచేతులు పీకుతున్నాయని తల ఊపడంతో సరిపెట్టారు. ఈ తల ఊపుడు ఆటగాళ్లకు కొండంత బలమిస్తోందని వార్షిక నివేదికలో రాసుకున్నారు.

ఒక్క నియమం మాత్రం చెక్కుచెదరలేదు. క్లబ్బు ఓడిన రాత్రి సభ్యులెవరూ ముద్ద ముట్టరాదు, కన్ను మూయరాదు. కార్యదర్శి ఇంటింటికీ వెళ్లి పరామర్శించాలి. ఈ కార్యదర్శి అధ్యక్షులవారికి స్వయానా బావమరిది, కళ్లజోళ్ల దుకాణం ఆయనది. ఆ రాత్రి పద్ధతి ప్రకారం ఏడుపుమొహం పెట్టుకుని వచ్చేసరికి, అధ్యక్షులవారు రెండోసారి కూర వడ్డించుకుంటున్నారు.

"బావా! ఏంటీ ఘోరం?"

"కూర భలే కుదిరిందిరా. నువ్వూ కూర్చో."

"నువ్వే చూడరా తమ్ముడూ," అంది అక్క కంగారుగా. "నుదురు పట్టుకు చూశాను, జ్వరం కూడా లేదు."

తెల్లారేసరికి ఊరంతా గుప్పుమంది. విచారణ సంఘం వేశారు. అందరికీ వీలయ్యేది వచ్చే ఆదివారం సాయంత్రమేనని తేల్చారు. ఆ వేళకు మ్యాచ్ ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఈలోగా అధ్యక్షులవారు మిషను ముందు కూర్చుని, ఆ నాలుగు గోల్సూ ఒక్కొక్కటే తలుచుకుని ఏడవడానికి నానా తంటాలు పడ్డారు. మూడో గోల్‌కి ఆవలింత వచ్చింది. సంఘం వెలేస్తే ఇక ఆదివారాలు ఎవరి పక్కన కూర్చోవాలి? లోకంలో ఆయనకున్న స్నేహితులంతా ఆ ఒక్క వరుసలోనే ఉన్నారు.

విచారణలో పళ్ల డాక్టరుగారు లేచి గర్జించారు. "ఇది ఒక మనిషి తిన్న భోజనం కాదు! మన తరతరాల పస్తుల మీద కొట్టిన దెబ్బ!"

అధ్యక్షులవారు మెల్లగా లేచారు. "నాకు బాధ కలగట్లేదయ్యా. కొన్నేళ్లయింది. ఊరికే మీ పక్కన కూర్చోడానికి వస్తున్నాను. పదవి పీకేస్తే పీకేయండి, నా సీటు మాత్రం ఉంచండి."



"నాలుగు పడ్డాయా?" అన్నారు కోశాధికారి అయిన రిటైర్డు లెక్చరరు. "రెండే అనుకున్నానే."

"రెండోది పడగానే నేను కారు తియ్యడానికి వెళ్లిపోయాను," అన్నారు డాక్టరుగారు, ఈసారి గర్జించకుండా.

బావమరిది తల దించుకున్నాడు. "ఆ రాత్రి మీ ఇంటికి తినే వచ్చాను బావా."

అధ్యక్షులవారికి ఎన్నేళ్ల తర్వాతో కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ ఆయన్ని కావలించుకున్నారు. సీటుకు కొత్త దిండు మంజూరైంది.

అంతలో వీధిలో గోల. క్లబ్బు మళ్లీ ఓడింది. కుర్రాళ్లు గుండెలు బాదుకుని ఏడుస్తూ పోతున్నారు. ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినిపించక, కిటికీలు మూయించి, సంఘం వారు తీర్మానం పూర్తిచేశారు: "క్లబ్బు మీద నేటి యువతకు బొత్తిగా అభిమానం లేదని ఈ సభ తీవ్ర ఆవేదన వ్యక్తం చేస్తున్నది." అందరూ తలలు ఊపి, భోజనాల వేళయిందని లేచారు.

తీర్మానం అడుగున కాస్త చోటు మిగిలింది. ఫుట్‌బాల్ తెలియకపోయినా ఫరవాలేదు. ఒకప్పుడు దేనికోసమో అన్నం మానేసి, ఇప్పుడు అన్నం తింటూ దానికోసం కుర్రకారును తిట్టేవారెవరైనా సంతకం పెట్టవచ్చు. కలం ఇదిగో, మొహమాటపడకండి.