ఆదాయపు దంతం

వదిన ఆ ఉదయం వేసుకున్న పథకం సామాన్యమైనదే: భర్త స్నానం ముగించి వచ్చేలోగా ఇంటి కంప్యూటరు ముందు కూర్చుని, పన్నుల మీద తన వ్యాసం పూర్తిచేసి పంపటం. పెళ్ళయ్యాక మళ్ళీ చదువు మొదలుపెట్టి, ఆడపడుచుతోబాటు ఒకే తరగతిలో అర్థశాస్త్రం ఎమ్మే చదువుతున్నది. ప్రొఫెసరుగారు మెచ్చిన వ్యాసం రాసినవారిని ఒక్కరిని సదస్సుకు పంపుతారు. ఆ ఒక్కరూ ఆడపడుచు కాకూడదు. తీరా తెర వెలిగేసరికి ఆడపడుచు వ్యాసం అప్పటికే పూర్తయి, ఎదురుగా కనబడింది.

"చెల్లాయి రాసింది చూశావా? దాన్ని చూసి కాస్త నేర్చుకోరాదూ" అన్నాడు భర్త స్నానాలగదిలోనుంచి.

నేర్చుకోవటానికి తీరిక కావాలి, కడుపుమంటకు అక్కరలేదు. వదిన ఆ వ్యాసాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి, మాటలకు పర్యాయపదాలు వేసిపెట్టే యంత్రంలో పడేసింది. మాటలన్నీ మారాయి. కాపీలను పట్టే విశ్వవిద్యాలయపు యంత్రం కూడా 'నకలు లేదు' అని తేల్చింది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, తాను పంపినదేమిటో ఆమె చదవనైనా లేదు.

మధ్యాహ్నం తరగతిలో ప్రొఫెసరుగారు ఆ వ్యాసం చేతబట్టుకున్నారు.

"ఇదంతా మీ సొంతమేనా అమ్మా?"

ఆడపడుచు వింటున్నది. "ప్రతి అక్షరం నాదే సార్" అన్నది వదిన.

"'ఆదాయపు దంతం కట్టనివారిని శిక్షించాలి' అన్నారు. దంతం కట్టడమేమిటి?"

పన్ను కాస్తా దంతమైపోయిన సంగతి వదినకు అప్పుడు తెలిసింది. అయినా ఆడపడుచు ముందు ఓడిపోవటమా? "ప్రభుత్వం జనాన్ని కొరుకుతుంది కదా సార్. అందుకని... అదొక సిద్ధాంతం."

"మరి దంత రాయితీ?"

"కాస్త మెల్లిగా కొరకడం సార్."

తరగతి ఘొల్లుమన్నది. "మనింట్లో అందరి పళ్ళూ బాగానే ఉన్నాయి గదా వదినా?" అన్నది ఆడపడుచు వెనక బెంచీలోంచి.

ప్రొఫెసరుగారు ఆఖరి పేజీ తిప్పారు. "ఆధారాల్లో నా పుస్తకం పేరు 'దంతాల చరిత్ర' అని వేశారు. నేను రాసింది 'పన్నుల చరిత్ర'. పళ్ళ డాక్టర్ని కానమ్మా నేను. ఈ వాదనే, ఈ వరసలోనే, మీ ఆడపడుచు వ్యాసంలో పొద్దున చదివాను. ఆ అమ్మాయి నా మాటల్ని నా పేరుతోనే వాడుకుంది."

వదిన కుడితిలో పడ్డ ఎలుక అయింది. సదస్సు ఆడపడుచుకు దక్కింది.

"ఏడాది పోగూడదనుకుంటే మళ్ళీ రాయండి" అన్నారాయన. "ఇంకొకరి ఆలోచన తీసుకోవడం తప్పు కాదు. పేరు దాచడం దొంగతనం, మాటలు మార్చినా సరే. ఎవరి దగ్గర తీసుకున్నారో ఆ పేరు ప్రతి పేజీ అడుగునా ఉండాలి."

క్షమాపణ అయితే ఒకసారి గొణిగి ఊరుకోవచ్చు; ఇది పేజీపేజీకీ రాయాలి. ఆ ఏడు ఆ శాఖ వ్యాసాల్లో పేజీల అడుగున అందరికంటే ఎక్కువసార్లు ఎక్కిన పేరు ఆడపడుచుదే. ఎక్కించినది మాత్రం వదిన.