ఆల్బిన్ యాభయ్యో హిట్టు

ఆ ఆదివారం పొద్దున ఆల్బిన్ వేసుకున్న పథకంలో తిరకాసు ఏమీ లేదు. అలమారులోంచి 1968 నాటి స్కోరు పుస్తకం తీయాలి. పదింటికల్లా చర్చి కింది హాలుకు వెళ్ళాలి. అక్కడ ఊరందరికీ వేసిపెడుతున్న పాన్‌కేకులు నాలుగు తిని, ఆ పుస్తకం తెరిచి ఫాదర్ నికొలస్ ముక్కు కింద పెట్టాలి. పదకొండున్నరకు ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చోవాలి. అంతే.

సెయింట్ వెండెలిన్ ఊరి బేస్‌బాల్ జట్టుకు ఈ వేసవికి నూరేళ్ళు నిండాయి. చర్చి వెనక మైదానంలో కొత్తగా దీపాల స్కోరు బోర్డు నిలబెట్టారు. దాని మీద కప్పిన టార్పాలిన్ ఇంకా తీయలేదు. బోర్డు నెత్తిన ఒక ఇత్తడి పలక వస్తుంది. నూరేళ్ళలోనూ అందరికంటే గొప్ప ఆటగాడి పేరు దాని మీద చెక్కుతారు. ఒక్క పేరే. అది ఎవరిదో పదకొండింటికి హాల్లో తేల్చేస్తానని ఫాదర్ చెప్పారు.

ఆ పేరు తనదే కావాలి. డెబ్బై ఎనిమిదేళ్ళ ఆల్బిన్‌కు ఈ లోకంలో మిగిలిన కోరిక అదొక్కటే. 1968లో ఆయన నూట ఇరవై నాలుగు సార్లు బ్యాటు పట్టి యాభై హిట్లు కొట్టాడు. ఆ ఆటలో వెయ్యికి లెక్క కడతారు కాబట్టి అది నాలుగు వందల మూడు. ఊళ్ళో నాలుగు వందలు దాటిన మగాడు అంతకు ముందు లేడు, ఆ తర్వాత పుట్టలేదు. ఈ సంగతి ఆయన యాభై ఆరేళ్ళుగా కనబడ్డవాడికల్లా చెబుతున్నాడు. కిందటేడు పన్ను పీకించుకుంటూ, నోట్లో దూది ఉండగా కూడా డాక్టరుకు చెప్పాడు.

పోటీకి ఇద్దరున్నారు. అలోయిస్ బ్రిక్స్ అనే ఆయన 1931లో బంతి విసిరేవాడట. ఒకే ఆటలో ఇరవై ముగ్గురిని బ్యాటుకు బంతి తగలకుండా ఇంటికి పంపాడట. ఆయన పోయాడు, చూసినవాళ్ళూ పోయారు, 1944లో వెన్న ఫ్యాక్టరీ తగలబడినప్పుడు అందులో దాచిన ఆ కాలపు స్కోరు పుస్తకాలూ బూడిదయ్యాయి. ఆయనతో బాధ లేదు. బాధల్లా రెండోవాడితోనే. వాడు బతికే ఉన్నాడు, పైగా భార్య తమ్ముడు. ఎల్రాయ్‌కి అరవై రెండేళ్ళు, కుళాయిలు బాగుచేస్తాడు. 1987లో బంతిని కంచె దాటించి ముప్పై ఒక్క హోమ్‌రన్లు కొట్టాడు. కర్రది కాదు, అల్యూమినియం బ్యాటుతో! ఆ మాట తల్చుకుంటేనే ఆల్బిన్‌కు ఒళ్ళు మండిపోతుంది.

అలమారు తెరిచాడు. 1966 ఉంది, 1967 ఉంది, 1969 ఉంది. 1968 లేదు.

"రొసెల్లా! నా పుస్తకం ఏదీ?"

వంటింట్లో భార్య రొసెల్లా గుడ్లు వేయిస్తోంది. వెనక్కి తిరగనైనా తిరగలేదు. "నాకేం తెలుసు? ఈ వయసులో నీకా పలకెందుకు? గుడ్లు తిని పడుకో."

"పడుకోవడమా? ఎవడు తీశాడది?"

"నువ్వే ఎక్కడో పెట్టి ఉంటావు."

ఆల్బిన్ ఎక్కడా పెట్టలేదు. ఆ పుస్తకాన్ని బైబిలు కంటే భద్రంగా చూసుకునే మనిషి ఆయన. మంచం కింద వెతికాడు, ట్రక్కులో వెతికాడు, కుక్కను అదిలించి దాని పరుపు కింద కూడా వెతికాడు. అప్పుడు గుర్తొచ్చింది. గురువారం ఎల్రాయ్ వంటింటి తొట్టి బాగుచేయడానికి వచ్చాడు. గంటసేపు ఉన్నాడు. గంట! ఒక పైపు బిగించడానికి గంట ఎందుకు?

"దొంగ వెధవ!" అని అరిచి ఆల్బిన్ టోపీ తీసుకున్నాడు.

"ఆల్బీ, ఆగు, వాడు తీయలేదు," అని రొసెల్లా అంటూనే ఉంది. అప్పటికే ట్రక్కు వీధిలోకి వెళ్ళిపోయింది.

ఎల్రాయ్ ఇంట్లో లేడు, హాల్లో పాన్‌కేకులు వేస్తున్నాడు. కారు షెడ్డుకు తాళం ఉండదు, ఆ ఊళ్ళో ఏ షెడ్డుకూ ఉండదు. ఆల్బిన్ పైపుల పెట్టెలన్నీ బోర్లించి వెతికాడు. పుస్తకం కనబడలేదు. గోడ మీద మాత్రం ఆ అల్యూమినియం బ్యాటు, మేకులు కొట్టి, కింద దీపం పెట్టి వేలాడదీసి ఉంది. దీపం కూడానా! ఆయన కోపం నషాళానికి అంటింది. "దొంగ వెధవా! నా పుస్తకం తెచ్చిస్తే నీ డొక్కు బ్యాటు నీకిస్తా," అని గోడ మీద అరిచి, బ్యాటు పీకి ట్రక్కులో పడేశాడు. అదే ఊపులో వెనక్కి తోలాడు. వాకిట్లో ఉత్తరాల పెట్టె కమ్మీతో సహా విరిగి పూలమడిలో పడింది.

ఎల్రాయ్ భార్య మార్లిస్ కిటికీలోంచి ఇదంతా చూసింది, వింది. వెంటనే మొగుడికి ఫోను చేసింది. "మీ బావకు పిచ్చెక్కింది! నీ బ్యాటు ఎత్తుకుపోయాడు, మన ఉత్తరాల పెట్టె కూల్చాడు, నిన్ను దొంగ అంటున్నాడు!" తర్వాత రొసెల్లాకు చేసి అదే మళ్ళీ చెప్పింది, ఇంకాస్త కారం కలిపి.

చర్చి హాల్లో ఎల్రాయ్ ఆ మాటలు విని, గరిటె అక్కడే పడేసి బయటికి పరుగెత్తాడు. పెనం మీద ఇరవై నాలుగు పాన్‌కేకులున్నాయి. అవి ముందు ఎర్రబడ్డాయి, తర్వాత నల్లబడ్డాయి, ఆ తర్వాత వాటి పొగకు మంటల హెచ్చరిక గంట మోగింది. హాల్లో గంట మోగితే ఊళ్ళో సైరన్ మోగుతుంది. ఆ ఊళ్ళో మంటలార్పేవాళ్ళందరూ స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళే. ఆ పూట పద్నాలుగు మందీ హాల్లోనే కూర్చుని తింటున్నారు. సైరన్ వినగానే చేతిలో ముక్క చేతిలో ఉండగానే లేచి, రెండు వీధుల అవతలున్న ఫైరింజన్ షెడ్డుకు పరుగెత్తారు. టోపీలు పెట్టుకుని, ఇంజన్ ఎక్కి, గంట కొట్టుకుంటూ తాము లేచి వచ్చిన బల్లల దగ్గరికే తిరిగి వచ్చారు. ఈలోగా ఒక ముసలావిడ పొయ్యి కట్టేసింది. వాళ్ళు వచ్చారు కనుక ఊరికే పోలేదు, ఆ పెనం మీదా, పక్కనున్న సాసేజీల మీదా శుభ్రంగా నీళ్ళు కొట్టారు.

ఊరంతా తిండి లేకుండా చర్చి ముందు నిలబడి ఉండగా ఆల్బిన్ ట్రక్కు దిగాడు, చేతిలో బ్యాటుతో.

"నా పుస్తకం ఇవ్వరా!"

"నా బ్యాటు ఇవ్వు బావా!" ఎల్రాయ్ ఇంకా ఏప్రన్ విప్పలేదు. "నీ దిక్కుమాలిన పుస్తకం నాకెందుకు? అందులో ఏముంది? పొద్దున్నే పాలు పితికి నిద్రమొహాలతో వచ్చిన పాలేర్ల మీద కొట్టిన హిట్లేగా!"

"నేనూ పితికే వచ్చాను! నాలుగింటికి లేచి నలభై ఆవుల్ని పితికి వచ్చి ఆడాను! అప్పట్లో బంతి విసిరేవాడి దిబ్బ ఎంత ఎత్తుండేదో తెలుసా నీకు? ఆ మరుసటేడు తగ్గించేశారు, కొట్టలేక చస్తున్నారని! నీ కాలంలో ఏముంది? ఈ రేకు డబ్బా! దీనితో మా కోడి కూడా హోమ్‌రన్ కొడుతుంది!"

"కోడి దాకా ఎందుకు? నువ్వు కొట్టు చూద్దాం! బ్యాటే కొడుతుందన్నావుగా, కొట్టించు!"

"ఎందుకు కొట్టను? విసరరా!"

ఫాదర్ నికొలస్ పొగకు దగ్గుతూ అడ్డం వచ్చారు. "ఆల్బిన్ గారూ, మీ మోకాళ్ళు..."

"నా మోకాళ్ళ సంగతి నా మోకాళ్ళు చూసుకుంటాయి ఫాదర్!"

ఊరంతా మైదానంలోకి నడిచింది. కడుపులు ఖాళీగా ఉన్నాయి, కాలక్షేపమైనా కావాలి కదా. ఎల్రాయ్ దిబ్బ ఎక్కాడు. మొదటి బంతికి ఆల్బిన్ బ్యాటు తిప్పాడు, తనూ తిరిగాడు, టోపీ కింద పడింది. "ఏం బావా, కోడిని పిలవనా?" అన్నాడు ఎల్రాయ్. మంటలార్పేవాళ్ళు పగలబడి నవ్వారు.

ఆల్బిన్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. రెండో బంతి వచ్చింది. ఠంగుమని మోగింది బ్యాటు. బంతి ఎల్రాయ్ నెత్తి మీదుగా లేచి, అలా అలా పోయి, ఎడమ కంచె దగ్గరి టార్పాలిన్‌లోకి దూసుకుపోయింది. లోపల ఏదో పగిలింది. దాని వెనకాలే వరసగా ఇంకేవో పగిలాయి. చివరికి టార్పాలిన్ కూడా తన వల్ల కాదన్నట్టు జారిపోయింది. కొత్త బోర్డు నడుమ దోసకాయంత కన్నం ఉంది.

"చూశావురా!" ఆల్బిన్ గంతులేస్తున్నాడు. "డెబ్బై ఎనిమిదేళ్ళు! నేను! ఇప్పుడేమంటావు? నీ ముప్పై ఒకటీ ఈ బ్యాటువే! అన్నీ దీనివే!"

పగిలిన బోర్డు ఎవరిదో, దాని నెత్తిన ఎవరి పేరు ఉండాలనుకున్నాడో ఆయనకు అప్పుడు గుర్తు లేదు.

అంతలో ఒక కారు గడ్డి మీదికే వచ్చి ఆగింది. రొసెల్లా దిగింది. ఆమె చేతిలో ఒక పుస్తకం ఉంది, దాని అట్ట మీద మంచు పేరుకుని ఉంది.

"నా తమ్ముణ్ణి ఊరందరి ముందూ దొంగ అన్నావా?"

"అన్నాను! వాడే... ఇదిగో! ఇదే! ఎక్కడ దొరికింది?"

"మన ఫ్రీజర్లో, జింక మాంసం కింద. నేనే పెట్టాను."

ఆల్బిన్ పుస్తకం కోసం చెయ్యి చాచాడు, ఆమె దాన్ని ఫాదర్ చేతిలో పెట్టింది.

"ఫాదర్, ఆఖరి పేజీ తీయండి," అంది రొసెల్లా. "ఆగస్టు పద్దెనిమిది. ఈయన ఆఖరిసారి కొట్టింది చూడండి."

ఆ రోజుల్లో జట్టుకు స్కోరు రాసింది రొసెల్లాయే. ఆ ఆటలో ఒక చిక్కుంది. కొట్టినవాడి గొప్పతనం వల్ల బంతి దొరక్కపోతే అది హిట్టు. దొరికే బంతిని అవతలివాడు జారవిడిస్తే అది ఎర్రర్, కొట్టినవాడికి హిట్టుగా రాయరు. ఏది ఏదో తేల్చేది పెన్సిలు పట్టుకున్న మనిషి. ఫాదర్ పేజీని ఎండకు ఎత్తి చూశారు. "ఇక్కడ కాగితం పల్చబడిందేమిటమ్మా? వెలుతురు కనబడుతోంది."

"రబ్బరు పెట్టి రుద్దాను. బంతి మెల్లగా దొర్లుకుంటూ అవతలి జట్టు షార్ట్‌స్టాప్ బెనో ఫ్రూత్ కాళ్ళ దగ్గరికి పోయింది. వాడు పట్టుకున్నాడు, వదిలేశాడు, మళ్ళీ పట్టుకున్నాడు, మళ్ళీ వదిలేశాడు. మా అమ్మమ్మయినా పట్టేదే. ఎర్రర్ అని రాశాను. తలెత్తి చూస్తే ఈయన పరుగెత్తి ఫస్ట్ బేస్ చేరి, అక్కణ్ణుంచి నా వంకే చూస్తున్నాడు."

"చూస్తే?" అన్నారు ఫాదర్.

"ముందు రోజే అన్నాడు కదా! నాలుగు వందలు దాటితే మన పెళ్ళికి మీ నాన్నను అడుగుతా, దాటకపోతే వచ్చే ఏడు చూద్దాం అని. వచ్చే ఏడు దాకా ఎవరాగుతారు? నాకు చిర్రెత్తుకొచ్చింది. చెరిపేసి హిట్టు అని రాశాను."

ముందుగా తేరుకున్నది ఎల్రాయే. "అంటే బావా, నువ్వు మా ఇంటికి అల్లుడివైంది ఎర్రర్ మీదన్నమాట!"

జనం నవ్వుతుంటే ఆల్బిన్ ముఖం కందగడ్డ అయింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. బెనో ఫ్రూత్ పోయి పదేళ్ళయింది. "యాభై ఆరేళ్ళు... ఒక్కసారి కూడా చెప్పలేదే నువ్వు!" అన్నాడు.

"యాభై ఆరేళ్ళు నన్ను చెప్పనిచ్చావా?" రొసెల్లా విరుచుకుపడింది. "ప్రతి భోజనం దగ్గరా నాలుగు వందల మూడు! ప్రతి పెళ్ళిలో నాలుగు వందల మూడు! మా అమ్మను పాతిపెడుతుంటే అక్కడా నాలుగు వందల మూడేనా? పోనీలే పాపం, ఈ పేజీ ఎవరి కంటా పడకూడదని పుస్తకం దాచి ఊరుకుంటే ఇవాళ నా తమ్ముడు దొంగయ్యాడు. ఇక చాలు. ఫాదర్, పెన్సిలివ్వండి. ఇప్పుడే సరిదిద్దేస్తాను. మూడు వందల తొంభై అయిదు. పీడా పోతుంది."

ఫాదర్ జేబులోంచి పెన్సిలు ఇచ్చారు. రొసెల్లా ఆ పల్చటి చోట మొన ఆనించింది.

"వద్దు!" ఆల్బిన్ పుస్తకం మీద అరచెయ్యి వేసేశాడు. "రాయకు."

"ఎందుకు రాయకూడదు? నిజమేగా!"

"నిజమైతే అవనీ. అది హిట్టు."

"బెనో రెండుసార్లు వదిలేశాడు ఆల్బీ."

"పదిసార్లు వదలనీ! వాడి ఖర్మ! అది హిట్టే. అది హిట్టు కాకపోతే మరి..." ఆ మాట పూర్తి చేయకుండా రొసెల్లా వంక చూసి, ఆ రోజు మొత్తం మీద ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచాడు. "పలక వద్దు! పేరూ వద్దు! ఫాదర్, నన్ను కొట్టేయండి! ఈ పేజీని మాత్రం ఎవరైనా ముట్టుకున్నారో, ఊరుకునేది లేదు!"

రొసెల్లా పెన్సిలు పేజీ మీంచి తీసి చెవి వెనక పెట్టుకుంది. "సరే. ఇంటికి నడువు. గుడ్లు చల్లారిపోయాయి," అంది.

"అయితే ఫాదర్," ఎల్రాయ్ ముందుకొచ్చాడు, "పలక మీద నా పేరేగా?"

ఫాదర్ బోర్డులోని కన్నాన్నీ, గడ్డిలో పడి ఉన్న అల్యూమినియం బ్యాటునూ, కుంటుకుంటూ వెళ్తున్న డెబ్బై ఎనిమిదేళ్ళ మోకాళ్ళనూ మార్చి మార్చి చూశారు. ఎల్రాయ్ కూడా చూశాడు. చూసి మళ్ళీ అడగలేదు.

ఆగస్టులో బోర్డు బాగుచేయించి పలక బిగించారు. దాని మీద అలోయిస్ బ్రిక్స్ పేరుంది. కాలిపోయిన పుస్తకంలో తప్పులెవరూ పట్టలేరని ఫాదర్ ప్రసంగంలో చెప్పారు. అంతా ఒప్పుకుని చప్పట్లు కొట్టారు. ఎల్రాయ్ కొత్త ఉత్తరాల పెట్టె పాతుకున్నాడు, గుంత తవ్వింది ఆల్బిన్.

1968 నాటి పుస్తకం ఇప్పుడు అలమారులోనూ లేదు, ఫ్రీజర్లోనూ లేదు. ఫాదర్ ప్రసంగం విన్నాక ఆల్బిన్ దాన్ని కట్టెల పొయ్యికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు.