గ్రోజ్దానా అవ్వకు అరవై నాలుగు

చావుపుట్టుకలు దేవుడి చేతిలో ఉంటాయని నమ్మేవాళ్లు దోల్నో వ్రబోవో పురపాలక కార్యాలయంలో ఒక్కసారి కూడా వరుసలో నిలబడి ఉండరు. డాన్యూబు ఒడ్డునున్న ఈ బల్గేరియా పట్నంలో ఆ రెండు వ్యవహారాలనూ నేలమాళిగలో ఉన్న ఒక ఇనపపెట్టె చూసుకుంటుంది. దాన్ని సర్వర్ అంటారు. దాని కడుపులో ఏడు ఉత్తుత్తి కంప్యూటర్లు కాపురముంటాయి (కంటికి కనిపించవు గానీ పన్ను మాత్రం వసూలు చేస్తాయి). ఒకటి జనన మరణాల రిజిస్టరు, ఒకటి కుక్కల లైసెన్సులు, ఒకటి మేయరుగారి తరఫున పండగ శుభాకాంక్షలు పంపేది. మిగతా నాలుగూ ఏం చేస్తాయో తెలిసిన ఏకైక ఉద్యోగి రిటైరైపోయాడు.

నిబంధన 88 ప్రకారం ఈ ఏడింటికీ రోజూ నకలు తీసి దాచాలి. దాన్నే బ్యాకప్ అంటారు. నకలు తీసేటప్పుడు ఇద్దరు ఉద్యోగులు సాక్షులుగా హాజరుండాలని కాగితాల కాలంలో ఎవరో రాసిపెట్టారు కాబట్టి, లోకమంతా పడుకున్నాక తీసే బ్యాకప్‌ను ఇక్కడ పట్టపగలు పన్నెండింటికి తీస్తారు. (సాక్షులు సరిగ్గా ఆ వేళకి భోజనానికి వెళతారు. సంతకాలు మాత్రం పొద్దున్నే పెట్టేస్తారు.)

ఇనపపెట్టెకు కాపలాదారు వెలిన్ గాంచెవ్. హోదా రెండో తరగతి సాంకేతిక నిపుణుడు. మొదటి తరగతి నిపుణుడి కుర్చీ పదకొండేళ్లుగా ఖాళీ, అయినా దానికి ఏటా కొత్త గుడ్డ వేయిస్తారు. వెలిన్‌కు జబ్బేమిటో మొదటి వారంలోనే తెలిసిపోయింది. నకలు తీయడానికి సెట్టింగుల్లో పదహారు మంది ‘వర్కర్లు’ ఉన్నారు, అంటే ఒకేసారి పనిచేసే పదహారు చిన్న ప్రోగ్రాములు. నకలు వెళ్లి చేరాల్సిన డిస్కు మాత్రం టెండర్లో అందరికన్నా చవగ్గా వచ్చిన సరుకు, నత్తకు అన్నగారు. పదహారు మందీ ముద్దలు కలిపి పెడుతుంటే అది ఒక్కో మెతుకే మింగుతుంది. మింగని ముద్దలన్నీ సర్వర్ మెమరీలో పేరుకుపోతాయి. పన్నెండూ నలభైకల్లా మెమరీ నిండిపోయి, ఊపిరాడని సర్వర్ తన ప్రాణం కాపాడుకోవడానికి లోపలున్నవాటిలో అన్నిటికన్నా లావుపాటిదాన్ని చంపేస్తుంది. అది ఎప్పుడూ జనన మరణాల రిజిస్టరే.

రెండింటికి వెలిన్ దాన్ని మళ్లీ లేపుతాడు. ఆఖరిసారి పూర్తిగా తీసిన నకలు నుంచే లేపగలడు. ఆ ఆఖరి నకలు ఈ డిస్కు రాకముందుది, అక్టోబరు మూడు, శుక్రవారం నాటిది. గ్రోజ్దానా అవ్వ చచ్చిపోయిందీ ఆ శుక్రవారమే.

నిజానికి పోయింది అవ్వ చెల్లెలు గ్రోజ్దెంకా. వాళ్ల నాన్నకు ద్రాక్షతోటంటే ప్రాణం కావడంతో కూతుళ్లిద్దరికీ ద్రాక్ష పేర్లే పెట్టాడు. గుమస్తా ఫిదాంకాకు పేర్లు పూర్తిగా రాసే అలవాటు లేదు. ‘గ్రో. స్తావ్రెవా’ అని కొట్టి, కింద కనిపించిన రెండు పేర్లలో మొదటిదాన్ని నొక్కింది. అంతే. చెల్లెలు మట్టిలో కలిసి కూడా రిజిస్టరులో నిక్షేపంలా బతికి ఉంది. అక్క రోజూ ట్రాలీబస్సెక్కి వచ్చి తన చావును రద్దు చేయించుకుంటోంది.

“ఫిదాంకా, వచ్చానే,” అనేది అవ్వ రోజూ పదింటికి, కిటికీ చెక్క మీద చేతిసంచి పెట్టి.

“మళ్లీ పోయావా?”

“నిన్న రెండింటికట. ఈ వెలిన్‌గాడే చెప్పాడు.”

“నా తప్పేముంది చెప్పు? మీ నాన్న ఇద్దరికీ ఒకే పేరు తగలేస్తే నేనేం చేసేది?”

“ఆయనా నీ రిజిస్టర్లోనే ఉన్నాడుగా, నువ్వే అడుగు.”

ఫిదాంకా మూతి ముడుచుకుని పదీ పదికల్లా అవ్వను బతికించేది. కానీ బతికున్నట్టు ధ్రువపత్రం మధ్యాహ్నం మూడు దాటాకే ఇస్తారు. పొద్దున సవరణలు, మధ్యాహ్నం ధ్రువపత్రాలు, రెండూ కలిపితే ప్రజలు గందరగోళపడతారని కార్యాలయం అభిప్రాయం. పది నుంచి మూడు వరకు బతికుండటం అవ్వ చేతిలో పని. పన్నెండూ నలభై మాత్రం ఆవిడ చేతిలో లేదు.

ఆ ధ్రువపత్రం ఈ నెల ఇరవైమూడు, గురువారం పొద్దున ఎనిమిదింటికల్లా జిల్లా కంటి ఆసుపత్రిలో చూపించాలి. అవ్వకు ఎడమకన్ను నిరుడే పోయింది. కుడికన్నుకు శుక్లం. పద్నాలుగు నెలలు ఎదురుచూస్తే దొరికిన తేదీ అది. వసంతం దాకా ఆగితే ఇక కోసినా లాభం లేదని డాక్టరు మొహం మీదే చెప్పేశాడు. చచ్చినవాళ్లకు ఆపరేషన్ చేయడం ఆసుపత్రి నిబంధనలకు విరుద్ధం (ఈ ఒక్క నిబంధనను మాత్రం తప్పుపట్టలేం).

వెలిన్ అవ్వ పక్కింటివాడు. తల్లి పోయిన ఏడాది అవ్వ పెట్టిన తిండే తిన్నాడు. ఆవిడ తన గుమ్మం మెట్లు కాలితో తడుముకుంటూ దిగడం రోజూ చూస్తున్నాడు. మార్చాల్సింది ఒక్క అంకె, పదహారు తీసి ఒకటి రాయాలి. అయితే సెట్టింగుల్లో అంకె మారాలంటే కార్యదర్శి సంతకం కావాలి. సంతకం లేకుండా తెర వెలుగు తగ్గించుకున్న పాత నిపుణుడిని శ్మశానాల విభాగానికి బదిలీ చేశారు.

కార్యదర్శి బొజిదార్ మంగురొవ్ దరఖాస్తు చదివి కళ్లజోడు తీశాడు.

“పదహారు మంది వర్కర్లలో పదిహేను మందిని తీసేస్తావా? ఎన్నికల ముందా? మతి ఉందా నీకు?”

“మనుషులు కాదండీ. ప్రోగ్రాములు.”

“వర్కర్లనే కదయ్యా రాశావు? పదిమంది దాటితే సామూహిక తొలగింపు కిందికొస్తుంది. యూనియన్‌కు నలభై అయిదు రోజుల నోటీసివ్వాలి. పేర్ల జాబితా ఏదీ?”

“వాళ్లకి పేర్లుండవండీ, నంబర్లే.”

“అలా అని యూనియన్ ముందు అనకు, నిన్ను బతకనివ్వరు. సరే, వాళ్లలో గర్భిణులెవరైనా ఉన్నారా?”

“లేరండీ.”

“రాతపూర్వకంగా ఇవ్వు.”

వెలిన్ ఇచ్చాడు. (‘పదహారు మందిలో ఎవరూ గర్భిణులు కారని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.’ ఆ కాగితం ఇప్పటికీ ఫైల్లో భద్రంగా ఉంది.) సంతకం చేయించుకుని మంగురొవ్ మెత్తబడ్డాడు.

“చూడబ్బాయ్, ఉన్నవాళ్ల పొట్టకొట్టడం దేనికి? మెమరీ చాలట్లేదంటున్నావుగా, ఇంకాస్త అడుగు. దానికో కమిటీ కూడా ఉంది మనకి.”

ఉంది. మూడో అంతస్తులో, పియానో ఉన్న గదిలో. ఇక్కడి భాషలో యంత్రం మెమరీనీ, పోయినవాళ్ల స్మృతినీ ‘పామెత్’ అన్న ఒక్క మాటతోనే సరిపెట్టుకుంటారు. పొదుపైన భాష. కమిటీ అధ్యక్షుడు ఒకప్పటి సంగీతం మాస్టారు. నల్ల టై, కుంగిన భుజాలు, పరామర్శకు వచ్చినవాడిలాంటి గొంతు. ఆ కార్యాలయంలో వెలిన్‌ను కుర్చీలో కూర్చోమన్న మొదటి మనిషి ఆయనే. దాంతో వెలిన్ ఆయన్ని పూర్తిగా నమ్మాడు.

“ఎవరి కోసం బాబూ ఈ పామెత్?”

“గ్రోజ్దానా స్తావ్రెవా కోసమండీ. మా పక్కింటావిడ. ఇది లేకే ఆవిడకిన్ని కష్టాలు.”

“అయ్యో. ఎంత కావాలి?”

“అరవై నాలుగు.” (గిగాబైట్లని వేరే చెప్పాలని వెలిన్‌కు తోచలేదు.)

“అరవై నాలుగే!” మాస్టారు కలం ఆపి చూశాడు. “అంత అభిమానమా?”

“తక్కువైతే లాభం ఉండదండీ. పన్నెండింటికి మొదలుపెడితే నలభై నిమిషాల్లో అయిపోతాయి.”

“నిజమే, మనవాళ్లు ఊరికే పీకేస్తుంటారు. మరి ఫోటో?”

ఫోటో ఎందుకో వెలిన్‌కు అర్థం కాలేదు. కానీ ఈ కార్యాలయంలో అర్థమయ్యేదాకా ఆగినవాడి పని ఏదీ కాలేదు. అవ్వ పాత గుర్తింపుకార్డు నకలు జేబులోనే ఉంది, తీసి ఇచ్చేశాడు. మాస్టారు రెండు చేతులతో వాడి చెయ్యి పట్టుకుని, ధైర్యంగా ఉండమన్నాడు.

మంగళవారం దాటినా మెమరీ రాలేదు. బుధవారం పొద్దున వెలిన్ తెగించాడు. బదిలీ చేస్తే చేసుకోనీ, శ్మశానంలో కనీసం బ్యాకప్ ఉండదనుకుని, ఫైలు తెరిచి పదహారు కొట్టేసి ఒకటి పెట్టాడు. అవ్వ పదింటికి బతుకుతుంది, నకలు నిలుస్తుంది, మూడింటికి కాగితం చేతికొస్తుంది. అంతా లెక్క కట్టుకుని పన్నెండింటికి ఊపిరి బిగబట్టి తెర ముందు కూర్చున్నాడు. పన్నెండూ నలభై దాటింది. ఒంటిగంట దాటింది. మెమరీ మూడోవంతు కూడా నిండలేదు. మూడూ ఇరవైకి ‘నకలు సంపూర్ణం’ అని పడింది. వాడికి కళ్లనీళ్లు ఆగలేదు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతూ పైకి పరిగెత్తాడు.

సవరణల కిటికీ మూసి ఉంది. ‘ప్రజలతో మర్యాదగా మాట్లాడటం ఎలా: సిబ్బందికి ఒకరోజు శిక్షణ’ అని కాగితం అంటించి ఉంది. అవ్వ దానికెదురుగా బెంచీ మీద పొద్దుట్నుంచీ కూర్చునే ఉంది. కాగితం మీద ఏముందో ఆవిడకు కనపడదు.

“ఎవరో వస్తారని చూస్తున్నానురా. ఏమైంది, ఇవాళా చచ్చానా?”

పొద్దున బతికించేవాళ్లే లేరు. చచ్చే ఉంది, ఈసారి సంపూర్ణంగా. నాలుగింటికి మంగురొవ్ కొత్త ఆదేశం జారీ చేశాడు. కొత్త డిస్కు చరిత్రలో తొలి నిర్దోష నకలు సాధించినందున, మార్చిలో తనిఖీ జరిగేదాకా రిజిస్టరులో ఎవరూ అక్షరం ముట్టరాదు. ఈలోగా పుట్టదలచినవారికీ చావదలచినవారికీ ఓ నోటుపుస్తకం ఏర్పాటు చేశారు. ఆల్రెడీ చచ్చినవారి గురించి ఆదేశంలో ఏమీ లేదు.

శిక్షణ ముగించుకుని వచ్చిన ఫిదాంకా ఇద్దర్నీ చూసి సంచి కింద పెట్టింది. తన కిటికీకి అంటించిన కాగితం పీకేసింది. అంత ఇబ్బందిపడ్డ ఫిదాంకాను వెలిన్ అదే మొదటిసారి చూడటం.

“గ్రోజ్దెంకా బతికే ఉందిగా నా దాంట్లో,” అంది మెల్లిగా. “దాని గుర్తింపుకార్డు కూడా చెల్లుతుంది. మొహాలు ఒకటే మీకు.”

“చెల్లెలి పేరు మీద కన్ను కోయించుకోమంటావా?” అవ్వ గయ్యిమంది. “అది పోయి మూడు వారాలు కాలేదు. నలభయ్యో రోజుకి గోధుమలు ఉడికించి పంచాలి. ఫాదిరీ ఎవరి పేరు మీదంటే ఏం చెప్పను, నా పేరా?”

అవ్వ సంచిలో రుమాలు తడుముకుని ముక్కు తుడుచుకుంది.

“బతికున్నప్పుడు నా మంచి కోటు అడక్కుండా వేసుకు తిరిగేది దొంగముండ. ఇప్పుడు దాని పేరు నేను వేసుకుంటాలే. పొద్దున కారు తెస్తావురా?”

కారు తెచ్చాడు. పోయినవారి వంతు రక్తసంబంధీకులకు దక్కుతుందని ఆసుపత్రి నిబంధన ఒకటుందట. ఆ లెక్కన అవ్వ తన వంతును తననుంచే వారసత్వంగా పొందింది. కౌంటర్లో నర్సు కార్డు చూసి గొంతు తగ్గించింది.

“మీ అక్కగారు పోయారట, చాలా బాధేసిందండీ.”

“నాకూనమ్మా,” అంది అవ్వ.

పదకొండు రోజులకు కట్టు విప్పారు. ఆసుపత్రి నుంచి తిన్నగా కార్యాలయానికి పోనిమ్మంది, నోటుపుస్తకంలోనైనా చెల్లెల్ని చంపించి తనను బతికించుకుంటానని. దారిలో వెలిన్ బస్టాపు వైపు చూసి గతుక్కుమన్నాడు. తర్వాత ఫార్మసీ తలుపు చూశాడు. తర్వాత వీధిలో ఒక్క చెట్టు వదలకుండా చూశాడు. కార్యాలయం ముందు కారాపి, గబగబా దిగి, పెద్ద తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు.

“ఏంట్రా ఆ నిలబడటం? జరుగు.”

“ఏం లేదవ్వా. లోపల రద్దీగా ఉంది, రేపొద్దాం.”

“జరగమన్నానా.”

అవ్వ వాడి భుజం పట్టి పక్కకు నెట్టింది. వాడి వెనక తలుపు మీద, మనిషి పోతే ఈ ఊళ్లో గోడగోడకీ అంటించే నల్ల అంచు కాగితం, నడిమధ్య ఆవిడ ఫోటో. అవ్వ కదల్లేదు. నిలబడ్డ చోటినుంచే, కళ్లజోడు లేకుండా, పైనుంచి కిందికి వరుసగా చదివింది. గ్రోజ్దానా స్తావ్రెవా. మరువలేని స్మృతికి. మొత్తం ప్రతులు అరవై నాలుగు. పురపాలక స్మృతి కమిటీ ఆమోదించినది.

“డాక్టరు చెయ్యి మంచిదిరా,” అంది చివరికి. “అడుగున చీమతలంత అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి. ‘కోరినవారు: వెలిన్ గాంచెవ్, రెండో తరగతి.’”