చదవడానికి మాత్రమే అనుమతి

మానవ సమాజంలో ఉన్నవి రెండే వర్గాలు: అనుమతి ఇచ్చేవారు, అనుమతి అడిగేవారు. మూడో వర్గం కూడా ఒకటి ఉందని అప్పుడప్పుడు వినబడుతుంది గానీ, వాళ్ల గుర్తింపు దరఖాస్తు ఇంకా పరిశీలనలోనే ఉంది.

మన సూపరింటెండెంటుగారు మొదటి వర్గంలో ముప్పై రెండేళ్లు పనిచేసి గౌరవంగా రిటైరయ్యారు. గృహ వినియోగ అనుమతుల విభాగంలో ఆయన సీటు. ఇంటి ముందుగదిలో ట్యూషన్ పెట్టాలన్నా, మేడమీద టైపు నేర్పాలన్నా ఆ కాగితం ఆయన బల్ల దాటి వెళ్లాలి. దాటినవి తక్కువ. ఆయన ఎవరినీ కసిరేవారు కాదు, ఎవరి దగ్గరా టీ కూడా పుచ్చుకునేవారు కాదు. ఫైలును చివరి పేజీ దాకా శ్రద్ధగా చదివి, అందులో తప్పు వెతికి పట్టుకుని, "తిరస్కరించడమైనది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవారు. (ఎవరు తిరస్కరించారు అన్న ప్రశ్నకు ఆ మాటలో చోటు లేదు. ఆ మాట గొప్పతనమే అది.)

ఆయన తిరస్కరించిన వాళ్లలో ఆయన భార్య కూడా ఉన్నారు. ఆవిడ బడిలో కుట్టుపని నేర్పే టీచరు. పదకొండేళ్ల కిందట, ముందుగదిలో ఆరు మిషన్లు వేసి సాయంత్రం పూట చుట్టుపక్కల ఆడవాళ్లకు కుట్టు నేర్పుతానని దరఖాస్తు పెట్టుకున్నారు. కిటికీ కొలత రాయలేదని మొదటిసారి వెనక్కి వచ్చింది. కొలత రాశారు గానీ కిటికీ లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో రాయలేదని రెండోసారి వచ్చింది. మూడోసారి, దరఖాస్తుదారు సంబంధిత అధికారికి బంధువని తెలియవచ్చినందున (తెలియవచ్చింది ఆయనకే) పైవారి అభిప్రాయం కోసం పంపడమైనదని వచ్చింది. మూడు ఉత్తరాలూ రిజిస్టర్డు పోస్టులోనే వచ్చాయి. మూడింటికీ టీచరుగారు గుమ్మంలో నిలబడి సంతకం పెట్టి తీసుకున్నారు. మూడోది వచ్చిన రోజు సూపరింటెండెంటుగారు సెలవులో ఇంట్లోనే ఉన్నారు. సంతకానికి పెన్ను అందించింది ఆయనే.

పైవారి అభిప్రాయం ఇంతవరకూ రాలేదు. ముందే కొనిపెట్టుకున్న రెండు మిషన్ల మీద టీచరుగారు దుప్పటి కప్పేసి, మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఆయన రిటైరైన మరుసటి ఏడాది, ఇంట్లో ఉన్న కంప్యూటరు ఒక ఉదయం తెర మీద ప్రకటన చేసింది. తాను పాతబడిపోయిందట, కొత్త వెర్షను తనకు వర్తించదట, ఇకమీదట తన బాగోగులు ఎవరూ చూడరట. సూపరింటెండెంటుగారు ఆ ప్రకటనను రెండుసార్లు చదివారు. ఆయన పదవీ విరమణ ఉత్తర్వులోనూ ఇంచుమించు ఇవే మాటలు ఉన్నాయి.

మరమ్మతు షాపు ఆవిడను పిలిపించారు. ఆవిడ కొప్పులో స్క్రూడ్రైవరు గుచ్చుకుని వచ్చి, పెట్టె విప్పి చూసి, మిషను రాయిలా ఉందని తేల్చారు. కంప్యూటరును నడపడానికి యూనిక్స్ జాతికి చెందిన ఉచిత వ్యవస్థ ఒకటి ఉందనీ, దాన్ని ఎక్కిస్తే ఇంకో పదేళ్లు ఢోకా లేదనీ, అందులో ఉత్తరాలు రాసుకునేది, బొమ్మలు గీసుకునేది, పాటలు వినేది అన్నీ ఉంటాయనీ చెప్పారు. సూపరింటెండెంటుగారికి ఒక్కటే సందేహం.

"దానికి ఎవరి అనుమతి తీసుకోవాలమ్మా?"

"ఎవరిదీ అక్కర్లేదు సార్. వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పదిమందికీ పంచిపెట్టొచ్చు. లైసెన్సులోనే రాసుంది."

సూపరింటెండెంటుగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. అనుమతి అక్కర్లేదని అనుమతి ఇచ్చే పత్రం ఆయన సర్వీసులో ఎదురుపడలేదు. ఆ లైసెన్సును తెర మీద మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. (ప్రపంచంలో ఈ పని చేసిన రెండో మనిషి ఆయన కావచ్చు. మొదటివాడు దాన్ని రాసినవాడు.) అందులో ఒక పేరా మీద అనుమానం వచ్చి, పాత నిబంధనల పుస్తకం తిరగేయడానికి పక్కగదిలోకి వెళ్లారు.

సరిగ్గా అప్పుడే తెర ఒక ప్రశ్న అడిగింది: ఈ యంత్రానికి నిర్వాహకులు ఎవరు? షాపు ఆవిడ తలెత్తి చూశారు. ఎదురుగా టీచరుగారు ఒక్కరే ఉన్నారు.

"నా పేరే కొట్టండి" అన్నారు టీచరుగారు.

పుస్తకం పట్టుకుని సూపరింటెండెంటుగారు తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ఆయనకు కూడా ఒక ఖాతా తెరిచారు. సామాన్య వినియోగదారు.

పాత బల్లకు చెదలు పట్టినందువల్ల కంప్యూటరును ఒక కుట్టు మిషను చెక్క మీద పెట్టారు. దాని ముందు కూర్చుంటే కాళ్లు వాటంతటవే తొక్కుడు పలక మీదికి పోయేవి. మొదటి వారమంతా సూపరింటెండెంటుగారు తొక్కుతూనే నేర్చుకున్నారు. కిటికీలు తెరవడం, మూయడం, చిన్నవి చేయడం వచ్చింది. (కంప్యూటరు కిటికీలు ఎటు తెరుచుకుంటాయన్నది ఆయన ప్రత్యేకంగా గమనించారు. ఎటూ తెరుచుకోవు.) ఆఫీసులో ఆయనకు కంప్యూటరు మీద బాగా వచ్చిన పని పేకాట. ఇక్కడ అది కనబడలేదు. షాపు ఆవిడకు ఫోను చేస్తే, దాన్ని ఎక్కించుకోవడానికి నల్లటి గడి ఒకటి తెరిచి ఒక వరుస కొట్టాలని, తర్వాత పాస్‌వర్డు ఇవ్వాలని చెప్పారు.

ఆయన వరుస కొట్టారు. పాస్‌వర్డు అడిగింది. కొడుతుంటే తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు చచ్చిపోయిందనుకుని ప్రతి అక్షరాన్నీ గట్టిగా రెండేసిసార్లు నొక్కారు. తప్పు, మళ్లీ ప్రయత్నించండి అంది. ఈసారి గుడ్డిగా, ఉన్నది ఉన్నట్టు కొట్టారు. అప్పుడు తెర మీద ఇంగ్లీషులో రెండు వాక్యాలు వచ్చాయి. వాటి భావం ఇది: ఈ వినియోగదారు పేరు జాబితాలో లేదు. ఈ సంఘటన నివేదించబడుతుంది.

సూపరింటెండెంటుగారి కాళ్లు తొక్కడం మానేశాయి.

నివేదించబడుతుంది. ఎవరి చేత? ఎవరికి? అలాంటి వాక్యాలు రాసి రాసి ఆయన చేయి అరిగింది గానీ, అందుకోవడం ఇదే మొదలు. బయటినుంచి చదివితే ఆ వాక్యం ఎలా ఉంటుందో ముప్పై రెండేళ్లలో ఆయనకు ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు గేటు చప్పుడైతే చాలు, లేచి వెళ్లి చూసివచ్చేవారు. నాలుగో రోజు ఒక తెల్లకాగితం తీసుకుని సంజాయిషీ రాశారు. విషయం: అనుమతి లేకుండా పేకాటకు ప్రయత్నించుట గురించి. ఉద్దేశపూర్వకంగా చేసింది కాదనీ, ఇది తొలి తప్పుగా భావించి మన్నించాలనీ ప్రార్థించారు. ఎవరికి పంపాలో తెలియక మళ్లీ షాపుకి ఫోను చేశారు.

"అది ఎక్కడికీ పోదు సార్, మీ మిషను లెడ్జర్లోనే ఎక్కుతుంది. నిర్వాహకులు చూసుకుంటారు" అన్నారు షాపు ఆవిడ. "అంటే, టీచరుగారు."

సంజాయిషీని ఆయన భోజనాల దగ్గర అందించారు. టీచరుగారు చెయ్యి కడుక్కుని, కళ్లజోడు పెట్టుకుని, చివరిదాకా చదివారు. ఆవిడకు నాలుగు రోజులుగా తెలుసు. తేదీ, సమయం, కొట్టిన వరుస సహా లెడ్జర్లో ఎక్కింది. కాగితం అంచున "చూశాను" అని రాసి, తేదీ వేసి, కూర గిన్నె ఆయన వైపు జరిపారు. పేకాట సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

టీచరుగారు ఆ మిషను ముందు మధ్యాహ్నాలు కూర్చునేవారు. జాకెట్ల కొలతలు రాసుకునే నోటుబుక్కులోనే ఆదేశాలు రాసుకున్నారు. ఒక ఖాళీ వదలడం మరిచిపోతే ఆదేశం పనిచేయదనగానే, ఒక కుట్టు తప్పితే చంక పట్టేస్తుందన్న సంగతితో పోల్చుకుని అక్కడికక్కడే పట్టేశారు. ఈ వ్యవస్థలో ఏది తెలియకపోయినా ముందు 'మ్యాన్' అని కొట్టి, ఆ తర్వాత సందేహం కొట్టాలి. అడగాల్సింది ఏదైనా ముందు మగవాడి పేరుతో మొదలుపెట్టాలన్న పద్ధతి ఆవిడకు కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే, ఇక్కడ జవాబు వస్తుంది.

రెండో నెలలో ఆవిడ ప్రింటరును దారికి తెచ్చారు. మూడో నెలలో గృహ వినియోగ అనుమతుల దరఖాస్తును ఆఫీసు వెబ్‌సైటు నుంచి దించుకున్నారు.

ఆ దరఖాస్తు వేరే జాతి కంప్యూటర్ల కోసం తయారైంది. ఇక్కడ తెరవగానే గళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. 'భర్త పేరు' అన్న గడి రెండో పేజీ అడుక్కి జారిపోయింది. 'కార్యాలయ ఉపయోగం కొరకు మాత్రమే' అన్నది నెత్తికెక్కి కూర్చుంది. టీచరుగారు రెండు మధ్యాహ్నాలు కూర్చుని, విడిపోయిన ముక్కలను జతచేసినట్టు ఒక్కో గడిని పట్టి దాని చోట పెట్టారు. కార్యాలయం వారి గడిలోనూ రాసే వీలు కనబడింది. రాయలేదు.

వెనకనుంచి రెండుమూడుసార్లు నడిచివెళ్లిన సూపరింటెండెంటుగారికి ఆ దరఖాస్తు పై వరుస చూడగానే అదేమిటో తెలిసిపోయింది. ఆవిడ పెరట్లోకి వెళ్లినప్పుడు తన ఖాతాలోంచి ఆ ఫైలును తెరవబోయారు. అనుమతి నిరాకరించబడింది అంది తెర. ఇది కూడా లెడ్జర్లోకి ఎక్కుతుందేమోనన్న భయంతో ఆయన ఆవిడ వచ్చేదాకా అక్కడే నిలబడ్డారు.

"ఒకసారి నన్ను చూడనిస్తావా?"

"చూసి ఏం చేస్తారు?"

"తప్పులేమైనా ఉంటే..."

"ఉంటే?"

తప్పు కనబడితే ఏం చేయాలో ఆయనకు ఒక్కటే పద్ధతి తెలుసు, ఆ పద్ధతి ఈ గదిలో ఇద్దరికీ తెలుసు. టీచరుగారు కూర్చుని ఫైలు హక్కుల పట్టిక తెరిచారు. అందులో మూడు వరుసలు ఉన్నాయి: యజమాని, బృందం, ఇతరులు. 'ఇతరులు' అన్న వరుసలో ఒక గడికి టిక్కు పెట్టారు. (ముప్పై నాలుగేళ్ల కాపురం తర్వాత భర్త ఏ వరుసలోకి వస్తాడన్నది ఆ విధంగా తేలింది.)

"చదవడానికి ఇచ్చాను. రాయడానికి ఇవ్వలేదు" అని చెప్పి లేచారు.

సూపరింటెండెంటుగారు గంటన్నర చదివారు. దరఖాస్తు నిండుగా ఉంది. ఆరు మిషన్లు ఎక్కడెక్కడ పడతాయో గీత గీసి ఉంది. కిటికీ కొలత ఉంది, ఎటు తెరుచుకుంటుందో ఉంది, తెరుచుకున్నాక ఎంత గాలి వస్తుందో కూడా ఉంది. పదకొండేళ్ల కిందటి అభ్యంతరాలన్నిటికీ, వాటి తేదీల వరుసలో, జవాబులు ఉన్నాయి. ఆ తేదీలు ఆవిడకు నోటికొచ్చని ఆయనకు అంతవరకూ తెలియదు.

తొమ్మిదో గడి దగ్గర ఆయన వేలు ఆగింది. గది వైశాల్యం చదరపు మీటర్లలో అడిగితే, ఆవిడ అడుగుల్లో వేశారు. దీని మీద అయితే నాలుగు లైన్ల ఉత్తరం చాలు. ఆ నాలుగు లైన్లూ ఆయన మనసులో అప్పటికే చక్కగా కూర్చున్నాయి, చివరి మాటతో సహా.

ఆయన వంటగది గుమ్మం దాకా వెళ్లారు. వెనక్కి వచ్చారు. మళ్లీ వెళ్లారు.

"తొమ్మిదో గడిలో అడుగులు వేశావు. మీటర్లు అడిగారు" అన్నారు.

టీచరుగారు పొయ్యి కట్టేసి వచ్చి, లెక్కకట్టి సరిచేశారు. తప్పును ముందే దరఖాస్తుదారుకు చెప్పడం ఆయన జీవితంలో అది మొదటిసారి. చెప్పాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు గ్లాసుల మంచినీళ్లు తాగారు. దరఖాస్తు ఆ మధ్యాహ్నమే వెళ్లిపోయింది.

అనుమతి సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకోవచ్చు అని నాలుగో రోజున కబురు వచ్చింది. సూపరింటెండెంటుగారు నమ్మలేదు. నాలుగు రోజుల్లో ఆ విభాగంలో ఫైలుకు తాడు కూడా కట్టరు. తన ఒక్క సవరణ ఎంత పనిచేసిందో అని లోలోపల కొంచెం పొంగారు కూడా. ఆవిడ ఆఫీసుకు వెళ్లి వచ్చేదాకా వరండాలో పచార్లు చేశారు.

టీచరుగారు వచ్చి, ముద్ర వేసిన కాగితాన్ని ఆయన చేతికిచ్చి, చెప్పులు విప్పుకున్నారు. ఆయన కాగితాన్ని ముందూ వెనకా తిప్పి చూశారు. అంతా క్రమంగా ఉంది.

"నా సీట్లో ఇప్పుడు ఎవరున్నారు?"

"ఎవరూ లేరటండీ. మీ తర్వాత ఆ పోస్టు నింపలేదట. ముద్ర మాత్రం వచ్చినవాటికి వచ్చినట్టే వేసేస్తున్నారట."

"మరి ఫైలు చూసిందెవరు?"

"ఎవరూ చూడలేదట" అన్నారు టీచరుగారు. "అందుకే వచ్చింది."