ఆలోచిస్తే ఎర్రగీత

విశ్వవిద్యాలయాల్లో మాష్టార్లు ఇన్నేళ్లుగా పిల్లల మొహాలు చూసి పాఠాలు చెబుతూ వచ్చారు. ఇంతకన్నా పనికిమాలిన అలవాటు ఇంకొకటి లేదని నా నిశ్చితాభిప్రాయం!

మీరే చెప్పండి, మొహం చూస్తే ఏం తెలిసి చస్తుంది? ఒకడు నుదురు ముడేస్తాడు. వాడికి పాఠం అర్థం కాలేదా, పొద్దున తిన్నది అరగలేదా? ఒకమ్మాయి నవ్వుతుంది. పాఠం నచ్చిందా, పక్కమ్మాయి చెవిలో ఏదైనా ఊదిందా? ఈ సందేహాలతోనే ఎందరు మేధావులకు జుట్టు తెల్లబడిందో, ఎందరికి ఉన్నదీ ఊడిందో లెక్కలేదు.

ఆ కష్టం గట్టెక్కించడానికే శ్రద్ధ కెమెరా వచ్చింది. దాన్ని ఆడిపోసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట!

తెలియనివారికి చెబుతాను. క్లాసులో బోర్డు పైన ఒక కెమెరా బిగిస్తారు. అది కూర్చున్న ప్రతివారి మొహాన్నీ గమనిస్తుంది. కళ్లు తెరిచి, తల ఎత్తి, బోర్డు వైపు చూస్తుంటే శ్రద్ధ ఉన్నట్టు. ఆ మొహం చుట్టూ పచ్చగీత. తల దించినా, కళ్లు మూసినా, పైకప్పు వైపు చూసినా శ్రద్ధ లేనట్టు. అప్పుడు ఎర్రగీత. ఈ మొహాలన్నీ గీతలతో సహా బోర్డు పక్కనున్న తెర మీద కనిపిస్తాయి. కింద మొత్తం క్లాసు శ్రద్ధ శాతంలో పడుతుంది. మాష్టారు ఆ అంకె చూసుకుంటే చాలు. పిల్లల వంక చూడాల్సిన ఖర్మ లేదు. ఎంత హాయి!

మా అక్క పనిచేసే విశ్వవిద్యాలయంలో ఈ కెమెరాలు అన్ని గదుల్లోనూ పెట్టారు. అక్క లెక్కల లెక్చరర్. తప్పనిసరి పాఠాలు కాక, ఆకారాల మీద ఒక ఐచ్ఛిక కోర్సు చెబుతుంది. అదంటే ఆవిడకు ప్రాణం. కూరలో ఉప్పు వేసిందో లేదో గుర్తుండదు గానీ, ఆ క్లాసులో ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. మా బావ ఉప్పు డబ్బా పక్కన పెట్టుకునే భోజనానికి కూర్చుంటాడు.

కెమెరాలు తెచ్చింది బోధన మెరుగుదల విభాగం డైరెక్టరు. ఆయన్ని అందరూ శాతంగారు అంటారు. మనం గుడ్ మార్నింగ్ అంటే, అందులో గుడ్ ఎంత శాతమో తేల్చుకుని గానీ బదులు చెప్పని మనిషి. వచ్చీ రాగానే ఒక రూలు పెట్టారు. శ్రద్ధ డెబ్బై శాతం దాటని ఐచ్ఛిక కోర్సు వచ్చే ఏడాది నుంచి ఉండదు!

ఇక చూడండి మా అక్క పాట్లు.

ఆవిడకు ప్రశ్నలు అడిగే దురలవాటు ఉంది. ఒకరోజు క్లాసులో అడిగింది. "రోడ్డు మీద మ్యాన్‌హోల్ మూత గుండ్రంగా ఎందుకుంటుంది? నలుచదరంగా ఉంటే, కొంచెం తిప్పి పట్టుకున్నామంటే దాని గుంతలో అదే పడిపోతుంది. గుండ్రంది ఎలా తిప్పినా పడదు. సరే, గుండ్రంగా లేకుండా, అయినా ఎలా తిప్పినా లోపలికి పడని మూత ఇంకోటి చేయగలమా?"

అంతే! క్లాసు క్లాసంతా ఒక్కసారి తలలు వంచేసింది. కొందరు కాగితం మీద గీతలు గీశారు. కొందరు పైకప్పు వంక చూస్తూ గాల్లో చేతులు తిప్పారు. ముందు బెంచీలో కళ్లద్దాల అమ్మాయి కళ్లు రెండూ గట్టిగా మూసుకుంది. తెర ఎర్రబడింది. శ్రద్ధ తొమ్మిది శాతం!

కెమెరా ఎంత నిక్కచ్చి మనిషో చూశారా! ఆ తొమ్మిది శాతం కూడా ఊరికే ఇవ్వలేదు. వెనక బెంచీలో ఒక కుర్రాడు కళ్లు తెరిచి నిద్రపోయే విద్యలో ఆరితేరినవాడు. గోడకు చేరగిలబడి, కనురెప్ప వాల్చకుండా హాయిగా కలలు కంటున్నాడు. ఆరోజు క్లాసు పరువు అంతో ఇంతో నిలబెట్టింది వాడూ, వాడి అనుచరులే.

అక్క మూత సంగతి అక్కడే వదిలేసి, పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టిందట. పిల్లలు ఉసూరుమంటూ తలలెత్తారు. అంకె మళ్లీ పైకి పాకింది.

పక్క గదిలో ఎకనామిక్స్ మాష్టారి శ్రద్ధ ఎప్పుడూ తొంభై పైనే. అక్క మొహమాటం వదిలి వెళ్లి ఆయన్నే అడిగింది.

"చాలా సింపుల్ మేడం. ప్రశ్నలు అడక్కండి" అన్నాడాయన. "అడిగితే పిల్లలు ఆలోచిస్తారు. ఆలోచిస్తే తల దించుతారు. దించారో, కొంప మునిగినట్టే! నేను స్లైడ్‌లో ఒక మూల చిన్న బంతి గెంతిస్తుంటాను. దాన్ని చూస్తూ కూర్చుంటారు పాపం."

"మరి పాఠం?"

"పాఠం నా దారిన నేను చెప్పుకుంటాను మేడం. వాళ్లకేం అడ్డు రాను."

అదీ సహకారమంటే! ఇంత చక్కటి అవగాహన పాతకాలం క్లాసుల్లో ఎక్కడైనా చూశామా?

అక్క కూడా బంతులు గెంతించింది. రంగురంగుల త్రిభుజాలు గిరగిరా తిప్పింది. అంకె డెబ్బై దాటి, ఎనభై దాటి, పచ్చగా కళకళలాడింది. శాతంగారు వరండాలో కనబడి, తొలిసారిగా పళ్లన్నీ బయటపెట్టి నవ్వారు. ఆవిడ ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసింది.

"ఒరేయ్, ఇవాళ కూడా ఎవ్వరూ ఏమీ అడగలేదురా. గంటసేపు నోరు తెరుచుకుని చూశారు. నాకు గోడకు చెప్పినట్టుంది."

"అంకె ఎంతొచ్చింది?"

"ఎనభై ఆరు."

"ఇంకేం కావాలి నీకు?" అన్నాను. నేను టెక్నాలజీ పక్షం కదా! ఆవిడ ఫోన్ పెట్టేసింది. ఆరోజు ఉప్పు రెండుసార్లు వేసిందని బావ చెప్పాడు. నిజం చెప్పొద్దూ, నాకూ బాధనిపించింది.

చివరికి పరీక్ష ఘడియ రానే వచ్చింది. సగటు ఇంకా డెబ్బైకి అటూ ఇటూ ఊగుతోంది. మొదట్లో వచ్చిన ఎర్రగీతలు ఊరికే పోతాయా మరి! కాబట్టి విశ్వవిద్యాలయం కోర్సుల కమిటీయే స్వయంగా వచ్చి క్లాసులో కూర్చుంటుంది. ఆరోజు అంకెను బట్టి కోర్సు ఉంచేదీ, తీసేసేదీ తేల్చేస్తుంది. వైస్ ఛాన్సలర్ గారు వచ్చారు. శాతంగారు వచ్చారు. పత్రికలో రాసేవాణ్ని గనక నేనూ వెళ్లి, చివరి వరసలో వాళ్ల పక్కనే కూర్చున్నాను.

అక్క మంచి స్లైడ్లు తయారుచేసుకుని వచ్చింది. గెంతే బంతులు, తిరిగే త్రిభుజాలు, ఏ లోటూ లేదు. శ్రద్ధ ఎనభై నాలుగు. శాతంగారు తెర మీంచి చూపు తిప్పకుండా చూస్తున్నారు కాబట్టి ఆయన చుట్టూ చక్కటి పచ్చగీత. నా చుట్టూ కూడా! అక్క చెప్పింది ఒక్క ముక్క నా చెవిన పడితే ఒట్టు.

ఇంతలో కళ్లద్దాల అమ్మాయి చెయ్యెత్తింది.

"మేడం, ఆ మ్యాన్‌హోల్ మూత సంగతి మధ్యలో వదిలేశారు. అప్పటినుంచీ రోడ్డు మీద ఏ మూత కనబడినా ఆగిపోతున్నాను. మొన్న బస్సు కూడా తప్పిపోయింది. ఇవాళైనా పూర్తి చేద్దాం మేడం, ప్లీజ్!"

అక్క తెర వంక చూసింది. కమిటీ వంక చూసింది. నేను ఎంత సైగ చేశానో ఆ దేవుడికి తెలుసు, వద్దు వద్దని చేతులడ్డంగా ఊపాను. నాకు ఎర్రగీత పడిందే గానీ ఫలితం లేకపోయింది. మా అక్క మొండిఘటం. స్లైడ్లు ఆపేసింది, సుద్దముక్క తీసుకుంది, బోర్డు మీద ఒక గుంత గీసింది.

"చెప్పండి, దీనికి గుండ్రంగా లేని మూత ఎలా ఉండాలి?"

తలలు టపటపా వాలిపోయాయి. ఎనభై నాలుగు కాస్తా నలభైకి, నలభై పదకొండుకి జారింది. శాతంగారు అయ్యయ్యో అనడం నాకు వినిపించింది. ఆయన గొంతులో బాధ ఉందో సంతోషం ఉందో చెప్పడానికి అప్పటికింకా కెమెరా రాలేదు.

సరిగ్గా అప్పుడు తెర మీద ఒక కొత్త మొహం ఎర్రబడింది. అది మామూలు ఎరుపు కాదు, టకటకా కొట్టుకునే ఎరుపు. దాని కింద 'నిద్రలో ఉన్నారు' అని పెద్ద అక్షరాలు.

ఆ మొహం వైస్ ఛాన్సలర్ గారిది!

శాతంగారు వంగి, ఆయన భుజం మెల్లగా తట్టారు. "సార్... సార్... లేవండి సార్."

"ఉండవయ్యా బాబూ!" అని కసిరారు వి.సి. గారు, కళ్లు తెరవకుండానే. "నిద్ర ఎవరు పోతున్నారు? నేను మూత తిప్పుతున్నాను!" ఒక్క క్షణం ఆగి, కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "దొరికింది! మూడు మూలలుండాలి. పక్కలు మాత్రం తిన్నగా ఉండకూడదు, బయటికి ఉబ్బాలి! అవునామ్మా?"

"ఎంత ఉబ్బాలి సార్?" అంది కళ్లద్దాల అమ్మాయి వెంటనే.

ఆయన మళ్లీ కూర్చుని కళ్లు మూసుకున్నారు. తెర మళ్లీ నిద్రలో ఉన్నారంది. అక్క మొహం మీద అలాంటి నవ్వు చూసి ఎన్నాళ్లయిందో! ఆ గంటంతా ఇక ఎవరూ ఎవరి మాటా వినలేదు, అందరూ మూత మాటే. బెంచీల మీదినుంచి ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు వచ్చి వాదించుకున్నారు. కళ్లు తెరిచి నిద్రపోయే కుర్రాడు ఆ గోలకు మేలుకుని, "ఏమైంది?" అని అడిగి, తనూ కాగితం తీశాడు. దాంతో ఉన్న ఆ కాస్త పచ్చదనం కూడా పోయింది.

బెల్లు కొట్టాక కమిటీ కూర్చుంది. వి.సి. గారు తెర వైపు వేలు చూపించారు.

"ఏమయ్యా, నేను క్లాసులో నిద్రపోయానంటావా? నీ కెమెరా తప్పంటావా?"

పాపం, శాతంగారు మాత్రం ఏం చేస్తారు? కెమెరా తప్పు అందామంటే, అన్ని గదుల్లోనూ బిగించేశారు, దాన్ని పొగుడుతూ వి.సి. గారే ఉపన్యాసమిచ్చారు. నిద్రపోయారందామంటే ఉద్యోగం ఉండదు.

"మీరు నిద్రపోలేదు సార్. కెమెరా కూడా తప్పు చెప్పలేదు" అన్నారు చివరికి. "మీరు... సిస్టంలో లేని ఒక స్థితిలోకి వెళ్లారు."

"దాన్ని ఆలోచన అంటారయ్యా!"

"ఆ పేరుతో మా దగ్గర ఆప్షన్ లేదు సార్."

అంతా గడ్డాలు పట్టుకుని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఎవరి పరువూ పోని తీర్మానం ఒకటి ఎట్టకేలకు బయటికొచ్చింది. అక్క కోర్సు ఉంటుంది. ఆ క్లాసు జరిగేటప్పుడు ఆ గదిలో కెమెరా ఆపేస్తారు. తలుపు మీద బోర్డు కూడా పెట్టారు: 'ఈ పీరియడ్‌లో ఆలోచించుటకు అనుమతి కలదు.'

చూశారా టెక్నాలజీ మహిమ! పిల్లల మొహాలు చూస్తూ బతుకులు వెళ్లదీసిన ఏ మాష్టారైనా ఇది సాధించగలిగాడా? విశ్వవిద్యాలయంలో ఆలోచించుకోవచ్చని అధికారుల చేత ఒప్పించిన ఘనత ఆ కెమెరాదే. ఇప్పుడు అక్క కోర్సులో సీట్లు చాలడం లేదట. చరిత్ర మాష్టారు తన క్లాసుకు కూడా ఇలాంటి అనుమతి కావాలని వెళ్లి అడిగితే, అందరికీ ఇస్తే సగటు పడిపోతుందని శాతంగారు మందలించి పంపారట.

ఆయన చెప్పిందీ సబబే. మిగతా గదుల గురించి మనం బెంగపడాల్సిన పనే లేదు. అక్కడ ఎవరూ ఆలోచించడం లేదని, అంతా పచ్చగా ఉందని, నిన్ననే ఆయన సగర్వంగా ప్రకటించారు.